పళ్ళ సెట్టు కోసం వచ్చిన పెద్దావిడ, అంగిలి మీద ఎర్రమచ్చ: ఒక అడ్డపొగ కేసు

మూసాపేట, బోరబండ, బాలానగర్ సైడు ప్రాక్టీస్ చేసే డెంటిస్టులకి కొత్తగా చెప్పక్కర్లేదు, మన ఓపీలో శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు ఎంతమంది ఉంటారో. సెంట్రింగ్ పనికో మేస్త్రీ పనికో అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్‌గానో వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు, కాస్త నిలదొక్కుకున్నాక ఊళ్ళో ఒంటరిగా ఉన్న తల్లిని కూడా తెచ్చుకుంటారు, ఆవిడతో పాటు ఆవిడ అలవాట్లు కూడా వస్తాయి. హైదరాబాద్‌లో చదివి హైదరాబాద్‌లోనే ప్రాక్టీస్ చేసేవాళ్ళం మనం రోజూ చూసేది గుట్కా నోళ్ళు, జర్దా నోళ్ళు, రెండు వేళ్ళు కూడా పట్టనంతగా బిగుసుకుపోయిన నోళ్ళు. అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చడం) అంటే మనకి ఫైనలియర్‌లో ఓరల్ మెడిసిన్ షార్ట్ నోట్, అంతకి మించి లేదు. వైజాగ్‌లో చదివినవాళ్ళు ఈ మాట విని నవ్వుకుంటారు, వాళ్ళకది మామూలు ఓపీ. అందుకే ఈ కేసు కొంచెం వివరంగా రాస్తున్నా. పేషెంటూ ఆవిడ కొడుకూ రాసుకోమన్నారు, గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చేశాను.

ఆవిడకి అరవై దాటాయి. శ్రీకాకుళం జిల్లాలో పల్లెటూరు, వ్యవసాయ కూలీ, భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చేసింది. బీపీకి ఒక మాత్ర వేసుకుంటుంది, షుగర్ లేదు. వచ్చింది పళ్ళ సెట్టు కోసం. "పళ్ళన్నీ పీకీసి సెట్టెట్టీయమ్మా, అన్నం నమల్నేకపోతన్నాను" అంది కుర్చీలో కూర్చుంటూనే. పై వరసలో ఐదు పళ్ళున్నాయి, అందులో ఒకటి పూర్తిగా కదులుతోంది, రెండు కోరపళ్ళూ చివర రెండు దవడపళ్ళూ మాత్రం గట్టిగానే ఉన్నాయి. కింద ముందుపళ్ళు ఆరు, వాటి వెనక రెండు ప్రీమోలార్లు (చిన్న దవడపళ్ళు), గార దట్టంగా. ఇక్కడొక చిన్న విషయం, మామూలు సిగరెట్ వాళ్ళలో మరక బయటకి కూడా కనిపిస్తుంది కదా, ఈవిడకి పళ్ళ లోపలివైపు, నాలుక వైపున్న ముఖం మొత్తం నల్లగా ఉంది, బయటివైపు అంత లేదు. అప్పుడే అనుమానం రావాలి మనకి.

కేస్ షీట్‌లో పొగాకు దగ్గర "లేదు" అని ఉంది. రిసెప్షన్‌లో అమ్మాయి "సిగరెట్, బీడీ, గుట్కా ఏమైనా ఉన్నాయా" అని అడిగితే కొడుకు లేదన్నాడు, అబద్ధం కాదది, ఆ మూడూ నిజంగానే లేవు. కుర్చీ వెనక్కి వాల్చి, తల ఇంకాస్త వెనక్కి వంచమని, అద్దం పెట్టి అంగిలి చూశాక నేనే మళ్ళీ అడిగా, చుట్ట కాలుస్తారా అమ్మా అని. "సుట్టేటి, అదెప్పుట్నించో ఉందిగదమ్మా. పొద్దున్నొకటి రేత్రొకటి. అడ్డపొగే" అంది, మేం అంతసేపు తెలుసుకోలేకపోయినందుకు మా మీద జాలిపడుతున్నట్టు. పదిహేనేళ్ళప్పుడు మొదలెట్టిందట, వాళ్ళమ్మ దగ్గర చూసి.

తెలియనివాళ్ళకి: అడ్డపొగ అంటే వెలిగించిన కొస నోట్లో పెట్టుకుని, పెదాలు బిగించి పీల్చడం. ఉత్తరాంధ్ర తీరం వెంబడి పల్లెల్లో ఆడవాళ్ళలో ఎక్కువ. ఎందుకలా అని అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో కారణం చెబుతారు, గాలికి ఆరిపోదని, ఊడ్పులప్పుడు రెండు చేతులూ పనిలో ఉన్నా నోట్లో ఉంటుందని, ఒళ్ళో పిల్ల మీద నిప్పురవ్వ పడదని, పెద్దవాళ్ళ ముందు నిప్పు కనపడదని. లాలాజలంతో తడుస్తుంది కాబట్టి మెల్లిగా కాలుతుంది, ఒక చుట్ట పావుగంట పైన కూడా వస్తుంది. ఆ పావుగంటా నిప్పు అంగిలికి ఎదురుగా ఉంటుంది, లోపలి గాలి వేడి 120 డిగ్రీల దాకా పోతుందని పాత పేపర్లలో ఉంది. పొగాకు రసాయనాలు ఒకపక్క, వేడి ఒకపక్క, రెండూ ఒకే చోట పడతాయి, అందుకే మిగతా ప్రపంచంలో అరుదుగా కనిపించే గట్టి అంగిలి (అంగిలిలో ఎముక ఉన్న ముందుభాగం) క్యాన్సర్ మన దగ్గర ఈ అలవాటున్న చోట్ల కనిపిస్తుంది.

ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1937లోనే వైజాగ్ నుంచి కిణి, రావు అనే ఇద్దరు డాక్టర్లు ఇండియన్ మెడికల్ గెజిట్‌లో క్యాన్సర్ సమస్య గురించి రాశారు. 1945లో బొంబాయి పాథాలజిస్టు ఖానోల్కర్, సూర్యాబాయితో కలిసి రాసిన పేపర్లో మన దేశంలో అలవాట్ల వల్ల వచ్చే మూడు క్యాన్సర్లు చెప్పాడు, అందులో చుట్ట క్యాన్సర్ ఒకటి. 1971లో పిండ్‌బోర్గ్ అనే డెన్మార్క్ ఆయన, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో మెహతా టీమూ కలిసి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసుల నోళ్ళు ఇంటింటికీ తిరిగి చూసి బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో వేశారు, వాళ్ళలో నూటికి 40 మందికి పైగా అడ్డపొగ వాళ్ళే. ప్రపంచంలో ఎవరు ఈ టాపిక్ మీద రాసినా ఇప్పటికీ ఆ పేపర్ దగ్గర మొదలెట్టాల్సిందే, మన తెలుగు పల్లెల నోళ్ళ మీద జరిగిన పని అది, మనకేమో షార్ట్ నోట్.

సరే, అంగిలి మీదకి వస్తా. గట్టి అంగిలి మొత్తం బూడిదరంగు తెలుపు, మందంగా, మధ్యలో సన్నటి పగుళ్ళు, ఎండిన చెరువు అడుగులాగా. వెనకవైపు చిన్నచిన్న బొడిపెలు, ఒక్కోదానికి నడిమధ్యలో ఎర్రచుక్క, ఆ చుక్కలు చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు. చుట్టూ గోధుమ నలుపు రంగు, ఆ రంగు మధ్యలో అక్కడక్కడ రంగు పోయి తెల్లబోయిన చోట్లు. ఇవన్నీ ఒక ఎత్తు. ఎడమవైపు, మధ్యగీతకి దగ్గర్లో, దాదాపు సెంటీమీటరు సైజులో ఎర్రటి మచ్చ, మెత్తగా వెల్వెట్ లాగా, దాని అంచున ఒక పల్చటి పుండు. నొప్పి లేదు. వేడివేడి చారు తగిలితే కొంచెం చురుక్కుమంటుంది అంది, అంతే. మెడలో గడ్డలు చేతికి తగల్లేదు. నాలుక పైన కూడా రంగు మారి, గరుకుదనం పోయి నున్నగా ఉంది.

ఆ చురుక్కి ఊళ్ళో ఎవరో బీకాంప్లెక్స్ మాత్రలూ నోట్లో పూసే మందూ ఇచ్చారట, ఇక్కడికొచ్చాక ఇంకో చోట లైకోపీన్ (టమాటాల్లో ఉండే ఎర్ర పదార్థం) క్యాప్సూల్స్ రాశారు, అవి నెలల తరబడి వేసుకుంది. లైకోపీన్ గురించి నా అభిప్రాయం కటువుగానే ఉంటుంది. 2016లో వచ్చిన కొక్రేన్ రివ్యూలో (జరిగిన ట్రయల్స్ అన్నీ కలిపి తూచే రివ్యూ) ల్యూకోప్లేకియాకి, అంటే నోట్లో తెల్లమచ్చకి, ఇచ్చే మందులన్నీ చూసి, క్యాన్సర్ రాకుండా ఆపుతుందని రుజువైన మందు ఒక్కటీ లేదని తేల్చారు, మచ్చ కాస్త పలచబడొచ్చు గానీ అది వేరే విషయం. ఇవ్వొద్దనట్లేదు, ముక్క తీసి చూడకుండా క్యాప్సూల్ ఇస్తే పేషెంట్‌కి ట్రీట్‌మెంట్ జరుగుతోందన్న ధైర్యం వస్తుంది, ఆ ధైర్యమే ప్రమాదం. కారణం తీసేశాక రెండు వారాల్లో మానని పుండు ఏదైనా బయాప్సీకి వెళ్ళాల్సిందే, దీనికి వయసూ లేదు, నొప్పీ లెక్కలోకి రాదు.

ఇక్కడ ఏమేం అనుకోవచ్చో చూద్దాం. మామూలుగా చుట్టో పైపో బయటికే కాల్చేవాళ్ళకి కూడా అంగిలి తెల్లబడి ఎర్రచుక్కలు వస్తాయి, నికోటిన్ స్టొమటైటిస్ అంటాం, అది మానేస్తే కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, క్యాన్సర్‌కి దారితీసేదిగా లెక్కవేయం. చూడ్డానికి రెండూ ఒకేలా ఉండటంతో అడ్డపొగ అంగిలిని కూడా ఆ ఖాతాలో వేసేసి "పొగ తగ్గించండి" అని పంపేస్తుంటాం. కానీ డబ్ల్యూహెచ్‌ఓ వాళ్ళ 2020 వర్క్‌షాప్‌లో క్యాన్సర్‌గా మారే అవకాశమున్న నోటి జబ్బుల లిస్టు మళ్ళీ రాసుకున్నప్పుడు, ల్యూకోప్లేకియా, ఎరిత్రోప్లేకియా (ఎర్రమచ్చ), సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ (నోరు బిగుసుకుపోయే జబ్బు) పక్కన అడ్డపొగ వాళ్ళ అంగిలి మచ్చలకి విడిగా ఒక చోటిచ్చారు. సెట్టు కింద పట్టేదో తెల్లగా పేరుకునేదో ఫంగస్ అనుకోవచ్చు, గానీ ఈవిడ ఎప్పుడూ సెట్టు పెట్టుకోలేదు, గాజుగుడ్డతో తుడిస్తే ఏదీ ఊడి రాలేదు. వేడికి కాలిన పుండు అనుకోవచ్చు, చుట్ట మానిపించి రెండు వారాలు ఆగి చూడొచ్చు కూడా, పుస్తకం ప్రకారం తప్పు కాదు. నేను ఆగలేదు. ఆవిడ రెండు వారాల్లో చుట్ట మానదని నాకు తెలుసు, తిరిగి వస్తుందన్న గ్యారంటీ అంతకన్నా లేదు. పైగా ఎర్రగా ఉన్న చోటు. మందంగా తెల్లగా భయంకరంగా కనిపించేది మన కళ్ళని లాగేస్తుంది గానీ అడ్డపొగ అంగిలిలో డిస్ప్లేసియా (క్యాన్సర్‌కి ముందు కణాల్లో వచ్చే మార్పు) ఎక్కువగా దొరికేది ఎరుపులో, పుండులో.

కొడుకు మాత్రం సెట్టు సంగతి చెప్పండి మేడమ్ అంటాడు. పనికి సెలవు పెట్టి వచ్చాడు మరి. పళ్ళన్నీ పీకేసి, కొలతలు తీసి, ఫుల్ సెట్టు పెట్టేస్తే అందరూ హ్యాపీ, ఆ మచ్చ మీద ప్లాస్టిక్ ప్లేటు మూతపడుతుంది, తర్వాత ఎప్పుడో పుండు పెద్దదైతే సెట్టు ఒరిసిందనుకుని ఇంకో చోట గ్రైండ్ చేయించుకుంటారు. ఇలా జరగడానికి ఎవరూ చెడ్డవాళ్ళు కానక్కర్లేదు. కొడుక్కి ఫోన్‌లో అంగిలి ఫోటో తీసి చూపించా. అద్దం పెట్టి తీసిన ఫోటో చూసేసరికి అతను మాట్లాడలేదు, వాళ్ళమ్మే "అదేటది" అని ఫోన్ లాక్కుని చూసింది. ఎవరి అంగిలి వాళ్ళెప్పుడూ చూసుకోరు కదా. ముక్క పరీక్ష చెయ్యాలి అన్నా, సరే అన్నారు.

బయాప్సీ గురించి కొంచెం ఆగి చెబుతా, అంగిలి మీద చెయ్యడానికి చాలామంది జంకుతారు. ముందు ఆల్జినేట్‌తో కొలత తీసి పల్చటి పారదర్శకమైన స్టెంట్ (అంగిలికి సరిపోయే ప్లేటు) తయారుచేయించి పెట్టుకున్నా, ఎందుకంటే అక్కడ చర్మం ఎముకకి అతుక్కుని ఉంటుంది, కుట్లు వేద్దామన్నా లాగడానికి జాగా ఉండదు, ఒత్తిపెట్టడానికి ఏదో ఒకటి ఉండాలి. ఆ రోజు బీపీ 150/90 ఉంది, కాసేపు కూర్చోబెట్టి మళ్ళీ చూసి తగ్గాక మొదలెట్టాం. రెండు శాతం లిగ్నోకెయిన్ అడ్రినలిన్‌తో గ్రేటర్ ప్యాలటైన్ బ్లాక్ (అంగిలి వెనక నరం దగ్గర మత్తు) ఇచ్చా, మచ్చలోకి సూది పొడవకూడదు, కణజాలం ఉబ్బి పాథాలజిస్టుకి చదవడం కష్టమవుతుంది. టొలుయిడిన్ బ్లూ (అనుమానపు చోట నీలంగా పట్టే రంగు) పూసి చూస్తే ఎర్రమచ్చ ముందు అంచు దగ్గర రంగు బాగా పట్టింది. పుండుకి కూడా రంగు పడుతుంది కాబట్టి అదొక్కటే నమ్మను, చోటు ఎంచుకోవడానికి సాయం అంతే. గ్రేటర్ ప్యాలటైన్ ధమని పళ్ళ వైపు గాడిలో వెళ్తుంది, మచ్చ మధ్యగీత వైపు ఉండటం నా అదృష్టం, ముందునుంచి వెనక్కి వెళ్ళే గీతలోనే కోత పెట్టా. ఎర్ర చోటు నుంచి ఒక ముక్క, పుండు నడిమధ్య నుంచి కాకుండా అంచు కలిసేలా, లోతుగా ఎముక పొర దాకా. రెండో ముక్క కుడివైపు మందంగా తెల్లగా ఉన్న చోటు నుంచి. రెండూ విడివిడి సీసాల్లో పది శాతం ఫార్మలిన్‌లో, ఏది ఎక్కడిదో రాసి. స్పిరిట్‌లోనో సెలైన్‌లోనో పంపే అలవాటు ఇంకా ఉంది కొన్ని చోట్ల, అలా పంపితే పాథాలజిస్టు ఏం చదవాలి? జెల్‌ఫోమ్ (రక్తం ఆపే స్పాంజి) పెట్టి స్టెంట్ వేసి ఒత్తితే రక్తం ఆగింది. ల్యాబ్‌కి పంపే రిక్విజిషన్‌లో అడ్డపొగ అని స్పష్టంగా రాశా, ఉట్టి "స్మోకర్" అని రాస్తే కథ సగమే వెళ్ళినట్టు.

రిపోర్టు వారానికి వచ్చింది. తెల్ల చోటు హైపర్‌కెరటోసిస్ (పైపొర మందమెక్కడం), మైల్డ్ డిస్ప్లేసియా. ఎర్ర చోటు సివియర్ డిస్ప్లేసియా.

ఇక ఇది నా కుర్చీలో తేలేది కాదు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళకి ఇలాంటివి పంపడానికి దారులు చాలానే ఉన్నాయి, అఫ్జల్‌గంజ్ గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, రెడ్ హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్ ఉంది, నిమ్స్ ఉంది, ప్రైవేటువి సరేసరి. వీళ్ళ ఉచిత వైద్యం కార్డు శ్రీకాకుళం అడ్రస్ మీద ఉండటంతో ఎక్కడ చెల్లుతుంది ఎక్కడ చెల్లదు అని కొడుకు కొంత తిరిగాడు. ఆ తిరుగుడులో వదిలేస్తారేమో అని నా భయం, అందుకని లెటర్ ఇచ్చి ఊరుకోకుండా సర్జన్‌తో నేనే ఫోన్‌లో మాట్లాడి, రిపోర్టూ ఫోటోలూ వాట్సాప్ చేశా. చివరికి సిటీలోనే ఒక క్యాన్సర్ హాస్పిటల్లో అడ్మిట్ అయ్యింది.

అక్కడ స్కాన్లో ఎముక తినలేదని, మెడలో అనుమానించే గ్రంథులు లేవని తేలింది. ఎర్రమచ్చని చుట్టూ దాదాపు సెంటీమీటరు మార్జిన్‌తో, ఎముక పైపొర కలిపి తీసేశారు, ఎముక ఉంచారు. అయోడోఫామ్ గాజు పెట్టి, మేం ముందుగా చేయించి పంపిన కొత్త స్టెంటుతో మూసారు, అదే కింద నుంచి నిండుకుని మానాలి. మొత్తం ముక్క పాథాలజీకి వెళ్ళాక అసలు విషయం బయటపడింది, ఒక చోట కణాలు అడుగు పొర దాటి లోపలికి దిగాయి, లోతు ఒక మిల్లీమీటరు లోపు. అంటే అప్పటికే క్యాన్సర్ మొదలైపోయింది, టీ1 ఎన్0 (తొలిదశ, మెడ గ్రంథులకి పాకనిది). నా ముక్కలో అది లేదు. దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదు, చిన్న ముక్క తీసినప్పుడు డిస్ప్లేసియా వచ్చి, మొత్తం తీస్తే క్యాన్సర్ దొరకడం తెలిసిన విషయమే, అందుకే సివియర్ డిస్ప్లేసియా అని రిపోర్టు వస్తే "ఇంకా క్యాన్సర్ కాదు కదా" అని పేషెంట్‌కి ధైర్యం చెప్పి ఇంటికి పంపడం నాకు నచ్చదు.

మెడ విషయంలో టీమ్ కొంతసేపు చర్చించుకుంది. టాటా మెమోరియల్ నుంచి డిక్రూజ్ వాళ్ళు 2015లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్‌లో వేసిన ట్రయల్ అందరికీ తెలిసిందే, తొలిదశ నోటి క్యాన్సర్లో మెడ గ్రంథులు ముందే తీసేసిన వాళ్ళలో మూడేళ్ళకి 80 శాతం బతికున్నారు, గడ్డ కనిపించాక తీసిన వాళ్ళలో 67.5 శాతం. కానీ ఆ పేషెంట్లలో ఎక్కువమంది నాలుక, బుగ్గ క్యాన్సర్ల వాళ్ళు, గట్టి అంగిలి లెక్క ఇందులోకి నేరుగా రాదు, పైగా ఇక్కడ లోతు మిల్లీమీటరు కూడా లేదు. మెడ ముట్టుకోకుండా అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుని ఉందామని నిర్ణయించారు. నేనా గదిలో ఉండి ఉంటే అదే చెప్పేదాన్ని.

మచ్చ తీసేశాం, అంగిలి మాత్రం అదే అంగిలి. నలభై ఐదేళ్ళుగా మొత్తం ఒకే వేడి, ఒకే పొగ తిన్న నేల అది, ఒక చోట మొలిచింది పక్కన మొలవదని చెప్పలేం. కాబట్టి అసలు ట్రీట్‌మెంట్ చుట్ట మానిపించడమే, ఈ కేసులో నాకు అన్నిటికన్నా ఎక్కువ టైమ్ పట్టింది కూడా దానికే. నికోటిన్ గమ్ నమలడానికి పళ్ళు లేవు, అంగిలి పచ్చిపుండు, అందుకని ప్యాచ్ పెట్టాం, 1800 11 2356 క్విట్‌లైన్ నంబర్ కోడలి ఫోన్‌లో సేవ్ చేయించా. ఆవిడకి క్యాన్సర్ అంటే భయం వేయలేదు, "పోయేదాన్ని ఎలాగో ఒకలాగ" అంటుంది. ఏది పనిచేసిందంటే, కోడలు ఐటీ కంపెనీలో హౌస్‌కీపింగ్‌కి పోతుంది, మనవరాలిని చూసుకునేది ఈవిడే, ఆ పిల్ల అంగిలి ఫోటో చూసి నానమ్మ దగ్గరికి రావడం మానేసింది రెండు రోజులు. అది నేను ప్లాన్ చేసింది కాదు.

మధ్యలో ఒక చిక్కు. నోరు ఊరికే ఉంటే తోచట్లేదంటోందని కోడలు పాపం వక్కపొడి ప్యాకెట్లు తెచ్చిపెట్టింది, పొగాకు లేదు కదా అని. వక్క కూడా క్యాన్సర్ కారకమేనని ఐఏఆర్‌సీ (డబ్ల్యూహెచ్‌ఓ క్యాన్సర్ పరిశోధన సంస్థ) 2004లోనే గ్రూప్ 1లో, అంటే మనుషుల్లో ఖాయంగా క్యాన్సర్ తెచ్చేవాటిలో, పెట్టింది, పొగాకు కలవకపోయినా సరే. ఈ ముక్క మనం పేషెంట్లకి ముందే చెప్పాలి, సిగరెట్ మానమంటే వక్కపొడికి మారినవాళ్ళు మన ఓపీలో కొల్లలు. సోంపు, ఏలక్కాయ పెట్టుకోమన్నా. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు చెల్లెళ్ళతో కూర్చుని మళ్ళీ ముట్టించింది, తిరిగొచ్చాక తనే చెప్పింది, "పండక్కి రెండు కాల్సీసినానమ్మా" అని. తిట్టలేదు. ప్యాచ్ ఇంకో దఫా పెట్టి, ఊరినుంచి రైల్లో ఎవరైనా వస్తే చుట్టల కట్ట తేవొద్దని కొడుకుతో ఫోన్ చేయించా. అప్పట్నించి మళ్ళీ లేదంటోంది, అంగిలి చూస్తే నిజమే అనిపిస్తోంది.

మెహతా, గుప్తా టీమ్ ఈ పని పెద్ద స్థాయిలో చేసి చూపించింది, 1986లో లాన్సెట్‌లో వచ్చింది, ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం మూడు చోట్లా కలిపి 36 వేలమందికి పైగా పొగాకు వాడేవాళ్ళకి మనిషి మనిషికీ చెప్పి, ఫిల్ములు చూపించి, పోస్టర్లు పెట్టి, రేడియోలో చెప్పించి వెంటపడ్డారు. ఊరికే చెప్పడం వల్ల ఏమవుతుంది అనేవాళ్ళకి నా జవాబు ఆ పనే. మన దగ్గర స్కేలింగ్‌కి అరగంట ఇస్తాం, మానడం గురించి మాట్లాడ్డానికి అర నిమిషం ఇస్తాం, దానికి ఫీజు లేదు కదా మరి.

సెట్టు. ఆవిడ వచ్చింది దానికోసం, నేను దాన్ని మర్చిపోతే నన్ను ఎందుకు నమ్మాలి? పుండు మానడానికి నెల పైన పట్టింది, ఆ తర్వాత ఇంకొన్ని నెలలు ఆపా, అంగిలి ఎటు తిరుగుతుందో చూడాలని. ఇక్కడే నా నిర్ణయం, కొందరు తోటి డాక్టర్లు ఒప్పుకోలేదు కూడా. పళ్ళన్నీ పీకేసి ఫుల్ సెట్టు పెడితే అంగిలి మొత్తం కప్పాలి, లేకపోతే పట్టు ఉండదు. గట్టిగా ఉన్న రెండు కోరపళ్ళూ రెండు దవడపళ్ళూ ఉంచితే గుర్రపునాడా ఆకారంలో కోబాల్ట్ క్రోమ్ క్యాస్ట్ పార్షియల్ (ఉన్న పళ్ళని పట్టుకుని నిలిచే లోహపు సెట్టు) చేయొచ్చు, అంగిలి మధ్యా వెనకా తెరుచుకునే ఉంటుంది. ఆ డిజైన్ వంగుతుందని, బలం తక్కువని పుస్తకాలు తిడతాయి, నిజమే, మామూలు కేసులో నేనూ పెట్టను. ఇక్కడ నాకు బలం కన్నా ఆ అంగిలి కనపడటం ముఖ్యం, ఇంట్లో కోడలు టార్చ్ వేస్తే కూడా కనపడాలి. సెట్టు పెట్టుకుంటే వేడి నుంచి కాపాడుతుంది కదా అని ఒకాయన వాదించాడు, చుట్ట కాల్చేటప్పుడు సెట్టు తీసి పక్కన పెడతారు సార్ అన్నా. చిగుళ్ళ అంచుకి ఆరు మిల్లీమీటర్లు వదిలి, మచ్చ తీసిన చోటుకి ఎక్కడా తగలకుండా ల్యాబ్‌కి గీసి ఇచ్చా. కింద మామూలు అక్రిలిక్ పార్షియల్. క్యాస్ట్‌కి ఖర్చు ఎక్కువ, కొడుకు విడతలుగా కట్టాడు.

పెట్టిన కొత్తలో పైది కదులుతోందని కంప్లైంట్, క్లాస్పులు (పళ్ళని పట్టుకునే కొక్కేలు) బిగించా, ఇప్పుడు సరిపోయింది. అన్నం, చేప నములుతోంది, పకోడీ నమల్లేకపోతున్నానని విసుక్కుంటుంది.

ఫాలోఅప్ మొదటి సంవత్సరం నెలకీ రెండు నెలలకీ మధ్య చూశాం, నేనొకసారి సర్జన్ ఒకసారి, మెడతో సహా. ప్రతిసారీ అదే అద్దం, అదే కోణం, ఫోన్ ఫోటో, పాతదాని పక్కన పెట్టి పోల్చడం, ఖరీదైన పరికరం ఏదీ లేదు. చుట్ట మానిన కొన్ని నెలలకి బొడిపెలు అణిగాయి, ఎర్రచుక్కలు చాలావరకు పోయాయి, బూడిదరంగు పలచబడి కింద గులాబీ రంగు కనిపిస్తోంది. తీసిన చోట మచ్చ కట్టి నున్నగా ఉంది. కుడివైపు మాత్రం రంగు పోయిన చోటొకటి కొత్తగా ఎర్రబడుతున్నట్టు అనిపించి రెండు వారాలకి రమ్మని చూశా, తగ్గలేదు, మళ్ళీ ముక్క తీశాం. మైల్డ్ డిస్ప్లేసియా వచ్చింది. సర్జన్‌తో మాట్లాడి ప్రస్తుతానికి కోయకుండా రెండు నెలలకోసారి చూడాలనుకున్నాం, రంగు పెరిగినా పుండు పడినా తీసేయడమే.

ఈ మధ్య పెళ్ళికని ఇద్దరు చెల్లెళ్ళు హైదరాబాద్ వస్తే ఆవిడే వెంటబెట్టుకుని తీసుకొచ్చింది. ఇద్దరూ అడ్డపొగే. పెద్దావిడ అంగిలి తెలుపు, బొడిపెలు, ఎక్కడా ఎరుపు లేదు. చిన్నావిడకి వెనకవైపు ఒక చిన్న పుండుంది, చేపముల్లు గుచ్చుకుందంటోంది. రెండు వారాలు ఆగి చూసే లోపు వాళ్ళ రైలు, అందుకని లెటర్, ఫోటో ఇచ్చి వైజాగ్‌లో తెలిసిన ఓరల్ సర్జన్‌కి ఫోన్ చేసి పెట్టా, అపాయింట్‌మెంట్ వచ్చే సోమవారం.